పచ్చితోలుకు తేమ పడదు, ఉరుషికి తేమ లేనిదే గడవదు: ఒక జింగాసా తయారీ కేస్ స్టడీ

వచ్చిన పని

జపాన్‌లో ఫుకుషిమా ప్రాంతంలోని మినమిసోమాలో ఏటా సోమా నొమఓయి అనే ఉత్సవం జరుగుతుంది. కవచాలు తొడుక్కున్న రౌతులు గుర్రాలను దౌడు తీయిస్తారు. ఆకాశంలోకి పేల్చిన పతాకాలు కిందికి దిగుతుంటే వాటి కోసం పోటీపడతారు. 1978లో జపాన్ ప్రభుత్వం దీన్ని ముఖ్యమైన జానపద సాంస్కృతిక సంపదల జాబితాలో చేర్చింది. ఊరేగింపులో రౌతుల వెంట కాలినడకన వెళ్లే బంట్లు పెట్టుకునేది జింగాసా. పూర్వం అషిగారు అనే కాల్బలం యుద్ధాల్లో పెట్టుకున్న శంఖువు ఆకారపు తలకవచం అది. ఇనుముతో చేసినవి ఉన్నాయి, తోలుతో చేసినవీ ఉన్నాయి. దేనితో చేసినా పైన ఉరుషి అనే చెట్టు పాల పూత తప్పనిసరి.

ఆ ఉత్సవంలో తరతరాలుగా నడిచే ఒక కుటుంబం తమ పాత తోలు జింగాసాను బాగుచేయమని పంపింది. బయట నలుపు ఇంకా నిగనిగలాడుతూనే ఉంది. దెబ్బంతా లోపల. నుదురు తగిలే చోట పూత పెచ్చులుగా లేచిపోయి, కింద తోలు ఉబ్బి, అంచు అలలు తిరిగింది. వేలితో నొక్కితే ఆ మేర మెత్తగా దిగుతోంది. ఇంటి పెద్దాయన ఫోన్‌లో, "సాయంత్రం తీసేసరికి నుదుటికి ఎర్రరంగు అంటుకుంటోందండీ, అందుకే పంపాను" అన్నారు.

బాగుచేయనని చెప్పాను. ఒకసారి ఉబ్బిన పచ్చితోలులో నారలు విడిపోయి ఉంటాయి. వాటిని మళ్లీ దగ్గరకు తేవాలంటే తడిపి సుత్తితో కొట్టాలి. అలా కొడితే పైన మిగిలిన పాత పూతంతా రాలిపోతుంది. పాతదాన్ని ఉన్నదున్నట్టు పెట్టెలో దాచుకోండి, పెట్టుకోవడానికి అదే కొలతల్లో కొత్తది చేసిస్తానన్నాను. ఇంట్లో మాట్లాడుకుని ఒప్పుకున్నారు.

ఇనుముతో చేయించుకోవచ్చు కదా అని మీకూ అనిపించవచ్చు. ఈ జింగాసా అంచు దగ్గర 38 సెంటీమీటర్ల వ్యాసం, 14 సెంటీమీటర్ల ఎత్తు. 1.2 మిల్లీమీటర్ల ఇనుప రేకుతో అదే ఆకారం చేస్తే 1.3 కిలోలు తూగుతుంది. 3 మిల్లీమీటర్ల పచ్చితోలైతే అరకిలో చిల్లర, పూతలన్నీ కలుపుకొని 700 గ్రాములు. రోజంతా ఎండలో నడిచే మెడకు ఆ తేడా బాగానే తెలుస్తుంది. ఈ ఉత్సవం పూర్వం జూలై చివర్లో జరిగేది. వేడికి తట్టుకోలేక 2024 నుంచి మే నెలాఖరుకు మార్చారు. అయినా చెమట తప్పదు.

తోలును కవచంగా వాడటం జపాన్‌లో చౌకబారు పని కాదు. మధ్యయుగపు ఓ-యోరోయి కవచాల్లో చిన్నచిన్న పొలుసులను వరుసగా అల్లుతారు. ఆ వరుసల్లో ఇనుప పొలుసు ఒకటి, తోలు పొలుసు ఒకటి మార్చి మార్చి పెట్టేవారు. గుండె లాంటి కీలకమైన చోట ఇనుము ఎక్కువ, మిగతా చోట్ల తోలు ఎక్కువ. ఎహిమే ప్రాంతంలోని ఒమిషిమా దీవిలో ఓయమజుమి దేవాలయం ఉంది. అక్కడి కవచాలు చూస్తే వందల ఏళ్ల తర్వాత కూడా ఆ తోలు ఎలా నిలిచిందో తెలుస్తుంది. అషిగారు జింగాసాలు మాత్రం సాదా సరుకు. దొర తన చిహ్నం ముద్రించి బంట్లకు ఎరువిచ్చేవాడు. ఇనుప జింగాసాను తిరగేసి పొయ్యి మీద పెట్టి అన్నం వండుకునేవారని చెబుతారు. తోలుదాంట్లో వండితే ముందు జింగాసాయే ఉడికి జిగురవుతుంది.

ఏ తోలు

ఇక్కడ చాలామంది పొరపడతారు. చెప్పులకూ బ్యాగులకూ వాడే తోలు దీనికి పనికిరాదు. క్రోమ్‌తో శుద్ధి చేసిన తోలైతే అసలే వద్దు. దాని గుణమే మెత్తగా, నీటికి లొంగకుండా ఉండటం. ఎంత కొట్టినా ఎంత ఆరబెట్టినా బిగుసుకోదు. యూరప్‌లో చెట్టు బెరడుతో శుద్ధి చేసిన తోలును వేడినీళ్లలో ముంచి గట్టిపరిచే పద్ధతి ఒకటుంది. జపాన్ కవచాల వాళ్ల దారి అది కాదు. వాళ్లు వాడింది శుద్ధి చేయని పచ్చితోలు. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే, లందలో, అంటే తోళ్లు నానేసే తొట్టిలో, సున్నం దశ దాటి తంగేడు చెక్క దశకు ఇంకా వెళ్లని తోలు. దాన్ని తడిపి, జిగురు పట్టించి, సుత్తితో దట్టంగా కొట్టి ఆరబెడితే నెరికవ అంటారు.

పచ్చితోలు గుణం డప్పు కాచినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ముసురు పట్టినప్పుడు డప్పు మొద్దుగా మోగుతుంది, మంట దగ్గర పెట్టగానే ఖంగుమంటుంది. నీరు పోతే బిగుస్తుంది, నీరు చేరితే వదులవుతుంది. గట్టిదనమంతా ఆ పొడితనంలోనే ఉంది. వేడి విషయంలోనూ దీని లెక్క వేరు. తడిసిన పచ్చితోలు 60 డిగ్రీలు దాటితే ముడుచుకుపోతుంది, అక్కడి నుంచి జిగురయ్యే దారి పడుతుంది. బెరడుతో శుద్ధి చేసినది 75 నుంచి 85 వరకూ, క్రోమ్ తోలు 100 వరకూ తట్టుకుంటాయి. అందుకే పచ్చితోలును త్వరగా ఆరబెడదామని హీటర్ ముందు పెట్టకూడదు.

నేను పనిచేసేది హిమేజీలో. జపాన్‌లో తోళ్ల పనికి పేరున్న ఊరది. ఉప్పు, ఆవ జాతికి చెందిన రేప్‌సీడ్ నూనె వాడి, తొక్కి తొక్కి చేసే తెల్లతోలుకు ప్రసిద్ధి. ఇక్కడ కావలసిన దశలో తోలు దొరకబుచ్చుకోవడం కష్టం కాదు. ఎద్దు తోలులో నడుము నుంచి తోక దాకా ఉండే భాగం తీసుకున్నాను. అక్కడ నారలు దట్టంగా ఉంటాయి. పొట్ట దగ్గరి తోలు అచ్చు మీద సులువుగా సాగుతుంది, కానీ ఆరాక అంతే సులువుగా వంకర్లు పోతుంది.

పని మొదలుపెట్టే ముందు మూడు విషయాలు చూసుకున్నాను. మొదటిది సున్నం. లోపల మిగిలితే తోలు పెళుసవుతుంది, ఉరుషి సరిగా అతకదు. అంచు కోసి కోత మీద ఫినాల్ఫ్తలీన్ చుక్క వేస్తే, సున్నం ఉన్నంత మేర గులాబీ రంగు తేలుతుంది. మధ్యలో సన్నటి గీత కనిపించింది కాబట్టి మళ్లీ కడిగించాను. రెండోది ఉప్పు. తోళ్లను నిల్వ ఉంచడానికి ఉప్పు పడతారు. అది మిగిలితే గాలిలోని తేమను తోలులోకి లాక్కుంటుంది, పైగా ఉప్పు తగిలిన ఉరుషి త్వరగా గట్టిపడదు. మూడోది కొవ్వు. ఉరుషికి నూనె బద్ధశత్రువు. వేలిముద్ర పడిన చోట కూడా పూత ఆలస్యంగా బిగుస్తుంది. ఆ జాగ్రత్తతోనే పైపొరను కత్తి అంచుతో గరుకుగా గీకి, మాంసం వైపు మిగిలిన పొరలన్నీ తీసేశాను.

అచ్చు మీద

కాలం ముందే చూసుకున్నాను. తోలు పనంతా జనవరి, ఫిబ్రవరిల్లో. చలి ఉంటే తడి తోలు కుళ్లదు, గాలి పొడిగా ఉంటే నెమ్మదిగా బాగా ఆరుతుంది. ఉరుషి పని వసంతంలో మొదలై జూన్ వానల దాకా. జూన్, జూలైల ముసురు ఉరుషి పనివాళ్లకు వరం. తోలు పనివాళ్లు మాత్రం ఆ రోజుల్లో తడి తోలు ముట్టుకోరు.

అచ్చు సుగి అనే జపాన్ దేవదారు చెక్కతో చేసినది. ఇనుప మేకులు వాడలేదు, తోలు మీద తుప్పు మచ్చలు పడతాయి. అన్నీ ఇత్తడివే. నానిన తోలును శిఖరం మీద కప్పి, ఎదురెదురు వైపుల నుంచి లాగుతూ మేకులు దించుకుంటూ పోవాలి. శంఖువు మీద బల్లపరుపు వస్తువు కప్పితే అంచు దగ్గర మిగులు వస్తుంది, ముడతలు పడతాయి. కత్తిరించి కుట్టేస్తే సులువే, కానీ ఆ కుట్టు దగ్గర ఎప్పటికైనా పూత పగులుతుంది. కాబట్టి కత్తెర పెట్టకుండా, కొమ్ముతో చేసిన నునుపు పలకతో ముడతను రెండుగా, రెండును నాలుగుగా చీలుస్తూ అంచు దాకా తోశాను. పచ్చితోలు ఓపికగా నెడితే సర్దుకుంటుంది. బలవంతం చేస్తే మాత్రం మేకు దగ్గర చిరుగుతుంది. అంచు కింద రెండు వేళ్ల మేర ఎక్కువ తోలు ఉంచుకున్నాను. మేకుల రంధ్రాలన్నీ అందులోనే పడాలి, చివర కోసి పారేసేది అదే.

సుత్తి ఎప్పుడు పట్టాలన్నదే ఇందులో అసలు విద్య. మరీ తడిగా ఉంటే దెబ్బకు తోలు పక్కకు జారి పలచబడుతుంది. మరీ ఆరితే పైనే మెరుపెక్కి లోపల దట్టం కాదు. పైకి ఆరినట్టుండి, చెంపకు ఆనిస్తే చల్లగా తగిలే దశ ఒకటి ఉంటుంది. అది పట్టుకోవాలి. వెడల్పాటి, అద్దంలా నునుపు చేసిన ముఖం ఉన్న సుత్తితో శిఖరం నుంచి చుట్లు చుట్లుగా కిందికి కొట్టాను. మొదట దబ్‌దబ్‌మని మందంగా వినిపిస్తుంది. అదే చోటికి రెండోసారి, మూడోసారి వచ్చేసరికి శబ్దం సన్నబడుతుంది. చివరికి చెక్క మీద చెక్క తగిలినట్టు టక్‌మంటుంది. ఎక్కడైనా ఇంకా దబ్‌మంటోందంటే అక్కడ నారలు వదులుగా ఉన్నట్టు. నేను కంటికన్నా చెవినే నమ్ముతాను. నాలుగు మిల్లీమీటర్లకు పైగా ఉన్న తోలు కొట్టి ఆరేసరికి 3 మిల్లీమీటర్లకు దిగింది.

మధ్యలో జిగురు. నికవ అంటే తోలు నుంచే తీసిన జిగురు. రాత్రంతా నానబెట్టి, నీళ్లగిన్నెలో పెట్టి కరిగించి, పలచగా మాంసం వైపు పట్టించాను. మరిగిస్తే బలం పోతుంది, 60 డిగ్రీలు దాటనివ్వకూడదు. చాలామంది దీన్ని చిక్కగా రుద్దుతారు. నాకది నచ్చదు. జిగురు పైన పొరగా నిలిస్తే రేపు ఉరుషి అతికేది తోలుకు కాదు, జిగురుకు. నారల సందుల్లోకి ఇంకినంతే చాలు.

తర్వాత నీడలో ఆరబెట్టడమే. రోజూ తూచి రాసుకుంటూ, బరువు కదలడం ఆగేదాకా అచ్చు విప్పలేదు. పెంకు 530 గ్రాముల దగ్గర నిలిచింది. గోటితో మీటితే మోగింది.

దారాలు దూర్చే రంధ్రాలు ఈ దశలోనే వేశాను. పూతలన్నీ అయ్యాక వేస్తే ప్రతి రంధ్రం గోడ పచ్చితోలుగా మిగిలిపోతుంది. చెమట నేరుగా అక్కడికే వెళుతుంది. పాత జింగాసా పాడైన తీరు చూస్తే నీరు చొరబడింది నుదుటి దగ్గరి రెండు రంధ్రాల నుంచేనని తేలింది. ఉబ్బు వాటి చుట్టే ఎక్కువగా ఉంది, దూరం పోయేకొద్దీ తగ్గింది. నుదుటి దగ్గరి పెచ్చులు ఆ తర్వాత లేచినవే.

ఉరుషి అంటే

మనకు తెలిసిన లక్క, పురుగుల నుంచి వచ్చే బంక. ఏటికొప్పాకలో తిరిగే చెక్క మీద లక్కకర్ర అదిమితే రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. ఉరుషి మాత్రం చెట్టు నుంచి కారే పాలు. బెరడు మీద గాట్లు పెట్టి, ఊరిన చుక్కలను గీకి తీస్తారు. జపాన్‌లో ఉత్తరాన ఇవాతే ప్రాంతంలోని జోబోజి దీనికి పెట్టింది పేరు. పది పదిహేనేళ్లు పెంచిన చెట్టు నుంచి ఒక్క వేసవిలో దొరికేది 200 గ్రాములే, ఆ తర్వాత చెట్టు కొట్టేస్తారు. అందుకే జపాన్‌లో వాడే ఉరుషిలో అత్యధిక భాగం చైనా నుంచి వస్తుంది. నేను కింది పొరలకు చైనా సరుకు, పై పూతకు జోబోజి సరుకు వాడాను. కింది పొరలకూ జోబోజిదే వాడాలన్నది భక్తి తప్ప అవసరం కాదని నా అభిప్రాయం.

ఒకసారి గట్టిపడితే ఇది వేడికి కరగదు, నీటికీ మామూలు రసాయనాలకూ లొంగదు. ఎండ మాత్రం పడదు. ఏళ్ల తరబడి ఎండ తగిలితే మెరుపు పోయి పొడిబారుతుంది. అయితే గట్టిపడే తీరే విచిత్రం. రంగుల్లా నీరో ద్రావకమో ఎగిరిపోయి ఆరదు. ఇందులో ఒక ఎంజైమ్ ఉంది, గాలిలోని ఆక్సిజన్ పట్టుకుని ఉరుషియోల్ అనే పదార్థాన్ని గొలుసులుగా కడుతుంది. 1883లో యోషిదా హికొరొకురో దీన్ని గమనించాడు. తర్వాత దానికి లాకేస్ అనే పేరు వచ్చింది. ఈ ఎంజైమ్ పనిచేయాలంటే 20 నుంచి 30 డిగ్రీల వేడి, గాలిలో 70 నుంచి 85 శాతం తేమ కావాలి. అందుకని పూత వేసిన వస్తువును ఫురో అనే చెక్క బీరువాలో, తడిగుడ్డల మధ్య పెడతారు. ఎండలో ఆరబెడితే రోజుల తరబడి జిడ్డుగానే ఉంటుంది.

ఈ పని మొత్తంలో చిక్కుముడి ఇదే. పూత బిగియాలంటే 80 శాతం తేమ కావాలి. అదే బీరువాలో రెండు రోజులు కూర్చుంటే, నెలంతా ఆరబెట్టిన తోలు మెత్తబడి ఆకారం తప్పుతుంది. ఇనుము మీదైతే వేరే దారి ఉంది. కవచాల వాళ్లు ఉరుషి పూసి వేడి చేసి కాల్చి పట్టించేవారు. 120 డిగ్రీలు పైబడిన వేడికి తేమతో పనిలేకుండానే బిగుస్తుంది. ఆ వేడికి పచ్చితోలు ముడుచుకుని పెళుసవుతుంది కాబట్టి ఆ దారి మనకు మూసుకుపోయింది.

మిగిలింది నిదానమే. మొదటి పూతకు కి-ఉరుషి, అంటే వడకట్టిన పచ్చి పాలు, కర్పూర తైలంతో బాగా పలచన చేసి, తోలు తాగినంత తాగించాను. ఫురోలో తేమ 60 నుంచి 65 శాతం దాటనివ్వలేదు. మామూలుగా ఒక రాత్రికి బిగిసే పూత ఇక్కడ రోజుల తరబడి తీసుకుంటుంది. తీసుకోనీ. ఈ పూత మెరవాల్సిన పని లేదు, నారల నోళ్లు మూస్తే చాలు.

దీన్ని అదుపులో పెట్టడానికి తక్కెడ వాడాను. అదే తోలులో కోసి, అలాగే కొట్టి ఆరబెట్టిన ముక్కను ఏ పూతా లేకుండా జింగాసా పక్కనే ఫురోలో పెట్టాను. అది సాక్షి ముక్క. దాని బరువు ఎంత శాతం పెరిగితే ఆ గాలిలో పచ్చితోలు అంత నీరు తాగుతున్నట్టు. జింగాసానూ తూచాను. తైలం ఎగిరిపోవడం వల్ల మొదటి రాత్రి బరువు తగ్గుతుంది, ఆ మర్నాటి నుంచి పెరిగేది దాదాపు అంతా తేమే. పెరుగుదల 15 గ్రాములు దాటితే, అంటే మూడు శాతానికి వస్తే, పూత బిగిసినా బిగియకపోయినా బయటికి తీసి ఆరనివ్వాలని గీత గీసుకున్నాను. మొదటి పూతకు ఆ గీత దాకా వెళ్లింది. రెండో పూత అయ్యాక సాక్షి ముక్క బరువెక్కుతూనే ఉంది, జింగాసా మాత్రం అందులో సగం కూడా పెరగలేదు. మూడో పూత నాటికి రెంటికీ పొంతనే లేదు. అప్పుడు ధైర్యంగా తేమను 75కు పెంచాను.

ఇంకో ఇబ్బంది అచ్చు. అచ్చు మీద ఉన్నంత సేపు ఆకారం చెడదు, కానీ లోపలి వైపు పూత వేయలేం. ఒక వైపే పూస్తే రెండో వైపు నీరు తాగి పెంకు వంకర పోతుంది. అందుకే బయటి మొదటి పూత అచ్చు మీదే వేసి, అది బిగిశాక అచ్చు తీసి, అంచు కింద మిగిల్చిన తోలును మేకు రంధ్రాల గుండా చెక్క చట్రానికి కట్టేశాను. అలా కట్టిన పెంకుకు లోపల కూడా పట్టించాను. అక్కడి నుంచి ప్రతి పూతా రెండు వైపులా ఒకే రోజు. మిగులు తోలు కోసేసింది మూడో పూత తర్వాతే, కోసిన అంచుకు అప్పటికప్పుడే పచ్చి ఉరుషి తాగించాను. అంచు గుండ్రంగా రావడానికి జనపతాడు చుట్టి, గోధుమపిండి, ఉరుషి, చెక్కపొడి కలిపిన ముద్దతో నింపాను.

కింది పొరలు, పై పూత

చెక్క గిన్నెలకైతే గుడ్డ అతికించి, మట్టిపొడి కలిపిన ఉరుషిని దళసరిగా మెత్తి, రాయితో నునుపు చేస్తారు. తోలుకు అంత మందం పనికిరాదు. చెక్క వంగదు, తోలు ఎంత గట్టిదైనా కొంచెం వంగుతుంది. వంగినప్పుడు పగిలేది మందంగా ఉన్న పొరే. గుడ్డ శిఖరం మీదా అంచు చుట్టూ మాత్రమే, బియ్యప్పిండి గంజిలో ఉరుషి కలిపి అతికించాను. మట్టి పొరల్లో ఉరుషి వంతు పెంచి, రెండు పలచటి పొరలతో ఆపేశాను. ఏటవాలు వెలుతురులో చూస్తే సుత్తి దెబ్బల నీడలు లీలగా తెలుస్తాయి. పాతదానిలోనూ అవి ఉన్నాయి. అద్దంలాంటి నునుపు కావాలంటే మందం పెంచాలి, మందం పెంచితే ఆయుష్షు తగ్గుతుంది. సాదా బంటు టోపీకి అద్దం నునుపు ఎందుకు?

మధ్య పూతలను బొగ్గుతో, నీళ్లతో రుద్ది, చివరి నలుపు పూతకు ఉరుషిని పలచటి యోషినో కాగితంలో పెట్టి పిండి వడకట్టాను. మనిషి వెంట్రుకలతో చేసిన బ్రష్షుతో వేయాలి. మందంగా పడితే పైన ముందు బిగిసి లోపల జారి ముడతలు తేలుతాయి. శంఖువు కావడంతో పూత అంచు వైపు కారకుండా, బిగిసేదాకా ఫురోలో తిప్పి తిప్పి పెట్టాను.

లోపలి ఎరుపుకు పాత పద్ధతిలో ఇంగిలీకం వాడేవారు. అది పాదరసం, గంధకం కలిసిన రంగు. చెమట పట్టే నుదుటి పక్కన అదెందుకని ఇనుప ఆక్సైడ్ ఎరుపు వాడాను. ఇటుక రంగుకు కొంచెం దగ్గరగా ఉంటుంది. పెద్దాయన చూసి, పాతదే ఎక్కువ ఎర్రగా ఉండేదన్నారు. నిజమే. ఉరుషిలో రంగు ఏళ్లు గడిచేకొద్దీ విచ్చుకుంటుంది, కాబట్టి కొన్నేళ్లాగి పోల్చమన్నాను. ముందు వైపు కుటుంబ చిహ్నం బంగారు రేకుతో. జపాన్‌లో బంగారు రేకు దాదాపు అంతా కనజావాలోనే తయారవుతుంది, అక్కడిదే తెప్పించాను. సన్నగా ఉరుషి పూసి తుడిచేసి, మిగిలిన జిడ్డు మీద రేకు పరిచాను.

ఖర్చు తగ్గించడానికి కాషూ రంగు వాడొచ్చా అని వాళ్లు ముందే అడిగారు. జీడిగింజ తొక్క నూనె నుంచి జపాన్‌లో తయారుచేసే పూత అది. పలాస జీడిపప్పు బట్టీల్లో చేతులు నల్లబరిచే ఆ నూనెకు ఉరుషియోల్‌తో దగ్గరి చుట్టరికం ఉంది. దానికి తేమ అక్కర్లేదు, కాబట్టి పచ్చితోలు మీద నిజానికి ఉరుషి కన్నా సులువు. నాటకాలకూ అద్దెకు ఇచ్చే సామానుకూ నేను అదే వాడతాను, మొహమాటమేమీ లేదు. ఇక్కడ వద్దనడానికి కారణం రేపటి మరమ్మతు. ఉరుషి మీద ఉరుషి ఎన్నేళ్ల తర్వాతైనా అతుకుతుంది. ఈ వస్తువును మనవలు కూడా పెట్టుకోవాలన్నప్పుడు అదే ముఖ్యం.

దురద, అప్పగింత

ఉరుషి చెట్టు మామిడి కుటుంబానిదే. నల్లజీడి కూడా ఆ కుటుంబమే. చాకళ్లు బట్టల మీద గుర్తు పెట్టే ఆ గింజ రసం పడితే ఒళ్లు ఎలా పొక్కుతుందో మన పెద్దవాళ్లకు తెలుసు. మామిడికాయ సొనకు మూతి పొక్కే పిల్లలూ ఉంటారు. పచ్చి ఉరుషి అంతకన్నా ఘాటు. చేతికి పడితే నీళ్లు పోయకూడదు, ముందు వంటనూనెతో తుడిచి తర్వాత సబ్బుతో కడగాలి. నీళ్లు పోస్తే నలుదిక్కులా పాకుతుంది.

పూర్తిగా గట్టిపడ్డాక ఈ భయం లేదు. కానీ ముట్టుకుంటే అంటనంత మాత్రాన పూర్తిగా గట్టిపడినట్టు కాదు. లోపల ఇంకా నెలల తరబడి బిగుస్తూనే ఉంటుంది. పళ్లెమో డబ్బానో అయితే ఫరవాలేదు, ఇది చెమటతో నుదుటికి రాసుకునే వస్తువు. జూలైలో పని అయిపోయినా వేసవంతా గాలి తగిలే చోట ఉంచి, వాసన పూర్తిగా పోయాక శరదృతువులో అప్పగించాను. లోపలి మెత్తను కూడా పూతకు ఆనకుండా, మధ్యలో గాలి ఆడేటట్టు దారాలతో వేలాడదీశాను. చెమట ఎలాగూ పడుతుంది, పడ్డది నిలవకూడదు.

మెత్తా దారాలూ కాక బరువు 705 గ్రాములు. లోపల నుదుటి దగ్గర తడిగుడ్డ పరిచి రాత్రంతా ఉంచి తూస్తే పెరిగింది ఒక్క గ్రాము. మర్నాడు అదీ పోయింది.

ఇచ్చేటప్పుడు రాసిచ్చిన జాగ్రత్తలు కొన్నే. వాడిన సాయంత్రమే లోపలా బయటా తడిపి పిండిన గుడ్డతో తుడవాలి, చెమట ఉప్పు నిలవకూడదు. ఆరాక కిరి అనే తేలికపాటి చెక్కతో చేసిన పెట్టెలో పెట్టాలి, ప్లాస్టిక్ డబ్బా వద్దు. కిటికీ పక్కనా హీటర్ పక్కనా పెట్టకూడదు. పచ్చితోలూ జిగురూ తినే పురుగులుంటాయి కాబట్టి ఏడాదికోసారి పొడి రోజు చూసి పెట్టె తెరిచి గాలి తగలనివ్వాలి. ఇది గుర్రపు స్వారీలో తలను కాపాడే హెల్మెట్ కాదు, నడిచేవాళ్లే పెట్టుకోవాలి. ఈ చివరి మాట కింద గీత కూడా గీశాను, ఎందుకంటే ఇంట్లో కుర్రాడికి రౌతు కావాలని ఉంది.

మే ఉత్సవం అయ్యాక తనిఖీకి తెప్పించుకున్నాను. బరువు మారలేదు, అంచు బల్ల మీద సమంగా ఆనింది. నుదుటి వైపు ఎడమ రంధ్రం అంచున వెంట్రుక మందం గీత ఒకటి కనిపించింది. దారం బిగించి కట్టినప్పుడు రాపిడి పడే చోటది. గీతలోకి పచ్చి ఉరుషి దించి తుడిచేశాను, రెండు రంధ్రాల్లోనూ సన్నటి తోలు గొట్టం దూర్చి దారం నేరుగా పూతకు రాసుకోకుండా చేశాను. ఇకపై చేసే జింగాసాలకు ఆ గొట్టం మొదటి నుంచే పెడతాను.